వైద్య వసతులు – మరణపు లెక్కలు

వైద్యులు, పడకలు, మందులు ఎక్కువగా నున్న దేశమున మరణములు తక్కువగా నుండునని ఎవరైనను అనుకొందురు. కాని లెక్కలు తెరచి చూచినచో మొదటనే ఆశ్చర్యము కలుగును. జపానులో ఏటేట ప్రతి వేయి మందికి 12 మందికి పైగా మరణించుచున్నారు. మన దేశమున నమూనా నమోదు విధానము ప్రకారము 2020లో ఆ సంఖ్య వేయికి 6 మాత్రమే. ఇంతమాత్రమున మన వైద్యము జపాను వైద్యముకంటె మిన్న యనుకొనరాదు. జపాను వృద్ధుల దేశము. అచ్చట పుట్టిన బిడ్డ సగటున 84 ఏండ్లు జీవించును. మన దేశమున ఆ సగటు 70. ముసలివారు ఎక్కువగా నున్న ఇంట చావులును ఎక్కువగానే యుండును గదా! కావున వైద్య వసతులకును మరణములకును గల సంబంధమును తెలిసికొనగోరువారు మొత్తపు లెక్కను విడిచి, వైద్యము వేళకు అందినచో తప్పింపదగిన మరణములను ఎంచుకొనవలెను. ప్రసూతి మరణములు అట్టివి. కాన్పు రోగము కాదు; దానివలన ప్రాణము పోవలసిన పని లేదు.

కోనసీమలోని ముక్తేశ్వరమును ఉదాహరణముగా తీసికొందము. గౌతమీ గోదావరికి ఈ గట్టున ముక్తేశ్వరము, ఆ గట్టున కోటిపల్లి. నడుమ పంటు ప్రయాణము. క్షణకాలములో ముక్తి నొసగువాడని ఈ యూరి స్వామికి క్షణముక్తేశ్వరుడని పేరు. ఆవలి గట్టున కొంత దూరమున కాకినాడ. అచ్చట 1958లో రంగరాయ వైద్య కళాశాల వెలసినది. దానికి అనుబంధమైన పెద్దాసుపత్రిలో శస్త్రవైద్యులు, మత్తు వైద్యులు, రక్తనిధి అన్నియు కలవు. పటములో చూచినచో కాకినాడ దగ్గరే. కాని గోదావరి పొంగి పంటు నిలిచిపోయినచో ఆ దగ్గర కాస్తయు దూరమగును. యానాము–ఎదుర్లంక వంతెన లేని కాలమున రావులపాలెము మీదుగా చుట్టు తిరిగి పోవలసి యుండెను.

కాన్పైన తరువాత అధిక రక్తస్రావము మొదలైన తల్లికి చికిత్స అందనిచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. 1994లో థేడియస్, మెయిన్ అను ఇద్దరు పరిశోధకులు ఇట్టి మరణములకు మూడు ఆలస్యములు కారణమని వివరించిరి. ఆసుపత్రికి తీసికొనిపోవలెనని ఇంటివారు నిశ్చయించుటలో జరుగు ఆలస్యము మొదటిది. "కాసేపు చూతము, తెల్లవారనిండు" అను మాట మన పెద్దల నోట వినని వారుండరు. బండి దొరకుటలోను, దారిలోను జరుగునది రెండవది. ఆసుపత్రి గుమ్మము చేరిన పిదప వైద్యుడో, రక్తమో సమయమునకు లేకపోవుట మూడవది. జిల్లాలో ఎన్ని పడకలున్నవో తెలుపు పట్టికలో మొదటి రెండును కనబడనే కనబడవు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06 నడుమ లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు మరణించుచుండిరి. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కును, తెలంగాణలో 43కును దిగినది. ఈ నడుమ 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు బయలుదేరినవి. అదే సంవత్సరమున జననీ సురక్ష యోజన వచ్చినది. 2005-06లో ఆసుపత్రి కాన్పులు నూటికి 64 కాగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96 అయినవి. రోడ్లును, ఆడపిల్లల చదువును, ఇంటి రాబడియు పెరిగినవి. ఫలము అన్నిటికిని కలిపి చెల్లవలసినదే. అయినను ఒక టెలిఫోను పిలుపుతో బండి వాకిటికి వచ్చుట రెండవ ఆలస్యమునకు సూటియైన మందు అని మా అభిప్రాయము.

ప్రపంచమంతటను ఇదే తీరు కనబడును. వసతులు మిక్కిలి కొరవడినచోట కొద్దిపాటి వసతి చేరినను మరణములు వేగముగా తగ్గును. ఒక మట్టము దాటిన పిదప ఎంత వెచ్చించినను తగ్గుదల స్వల్పము. నైజీరియాలో 2023లో లక్ష జననములకు దాదాపు వేయి మంది తల్లులు మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సంపన్న దేశము కాని శ్రీలంకలో, పల్లెపల్లెకు శిక్షణ పొందిన మంత్రసానులను నియమించినందున, ఆ సంఖ్య 30 ప్రాంతమునకు దిగినది. జాతీయాదాయమున ఇంచుమించు ఆరవ వంతు వైద్యమునకు వెచ్చించు అమెరికాలో 2020లో అది 23.8, కేరళలో 2018-20 నడుమ 19. రెండు చోట్ల లెక్కించు పద్ధతులు వేరైనందున పందెము కట్టరాదు గాని, ఖర్చులో ఉన్నంత అంతరము ఫలితములో లేదని మాత్రము స్పష్టము.

చౌక మందుల శక్తి మన గోదావరి సీమకు కొత్త కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను ఇద్దరిని స్ప్రూ వ్యాధికి కోల్పోయిరి. ఆయన నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1945లో తయారుచేసిన ఫోలికామ్లము ఆ వ్యాధి చికిత్సకు పనికివచ్చినది. దానినే ఇనుముతో కలిపి నేడు గర్భిణులకు మాత్రలుగా ఇచ్చుచున్నారు. రక్తహీనురాలైన తల్లి కొద్దిపాటి రక్తస్రావమునకును తట్టుకొనలేదు. ఆ మాత్ర ఖరీదు కొన్ని పైసలు.

వసతులు మితిమీరుటయు కలదు. అదే సర్వేలో శస్త్రచికిత్సతో జరిగిన కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో 60కి పైన. ఒక జనసమూహమున ఇవి నూటికి 10 దాటిన పిదప తల్లుల, శిశువుల మరణములు అందువలన తగ్గుట కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. అవసరమైన ఆపరేషను అందక ఒకచోట తల్లి మరణించుచుండ, మరొకచోట అవసరము లేని ఆపరేషనుకు కుటుంబము అప్పుపడుచున్నది. సగటు లెక్కలో ఈ రెండును కలిసిపోయి, వసతి చాలినంత ఉన్నట్లే తోచును.

ఇక వరదల ఋతువునకు వత్తము. గోదావరి లంకలలో ప్రసవ దినములు దగ్గరపడిన గర్భిణులను నీరు రాకముందే ఆసుపత్రి చెంతకు చేర్చవలెను. ఇందులకు కొత్త పడక గాని, కొత్త యంత్రము గాని అక్కరలేదు. ఏ ఇంట ఎవరికి ఏ వారమున కాన్పు వచ్చునో తెలుపు జాబితా ఊరి ఆశా కార్యకర్త చేతిలో నుండవలెను. ఆ జాబితా చూచి పడవ పంపువారు రేవులో నుండవలెను.