సీటు దొరికింది, మరి చోటు?

మన ఊళ్లకు ఎవరూ కాగితంపై గీయని పటం ఒకటుంది. గుడి, చెరువు, పెద్దిళ్లు ఒకవైపు, వాడ మరొకవైపు. గుడుపల్లె వంటి సరిహద్దు మండలాల నుంచి చదువుకోసం బయలుదేరే దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ పటాన్ని ఊళ్లోనే వదిలి వస్తున్నామనుకుంటారు. క్యాంపస్ కూడా దాన్నే మళ్లీ గీస్తే, వారికి సీటు దొరికింది గానీ చోటు దొరకలేదనే అర్థం.

రిజర్వేషన్ ప్రవేశద్వారాన్ని తెరిచింది. గది ఎవరితో పంచుకోవాలి, భోజనానికి ఎవరి పక్కన కూర్చోవాలి అన్నవి మాత్రం ద్వారం లోపలి ప్రశ్నలు. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన సుఖదేవ్ థోరాట్ కమిటీ, వేధింపుల కారణంగా దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టళ్లలో కొన్ని అంతస్తులకే చేరిపోయిన తీరును నమోదు చేసింది. అక్కడ గోడలేవీ కొత్తగా కట్టలేదు. ఉన్న గోడల మధ్యనే వాడ ఏర్పడింది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అనుభవం ఇంకా కఠినమైనది. 2015 డిసెంబరులో రోహిత్ వేముల సహా ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బహిష్కరించారు. 2016 జనవరిలో వారు క్యాంపస్ దుకాణ సముదాయం వద్ద గుడారం వేసుకుని, ఆ చోటికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. అదే నెల 17న రోహిత్ మరణించాడు. అవమానపు మాటనే ఆత్మగౌరవ చిరునామాగా మార్చిన ఆ స్థలం, విద్యార్థులే రూపొందించుకున్న బహిరంగ వేదిక. 2019లో దాన్ని తొలగించినప్పుడు పోయింది ఒక గుడారం మాత్రమే కాదు. తమదని చెప్పుకోగల జాగా.

అందుకే క్యాంపస్ నిర్మాణాన్ని ఇంజినీరింగ్ విభాగానికి, గుత్తేదారుకు మాత్రమే వదిలేయరాదు. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు రాష్ట్రాల కూడలిలో ఉంది. భాషల కలయికను ఆశయంగా చేసుకున్న ఇలాంటి సంస్థలు మనుషుల కలయికకూ చోటు గీయాలి. అందుకు ముందుగా క్యాంపస్ పటాన్ని విద్యార్థుల ముందు పరచి, ఎక్కడ నిర్భయంగా కూర్చుంటారో, ఏ దారిని తప్పించుకు తిరుగుతారో గుర్తించమని అడగాలి. ఆ సమావేశంలో మొదటి తరం విద్యార్థులు, అమ్మాయిలు, మెస్ సిబ్బంది, పారిశుధ్య కార్మికులు ఉండాలి. బాగా మాట్లాడగల నలుగురిని పిలిచి ‘ప్రజాభిప్రాయం’ అనిపించుకోవడం కాదు. అందరి ముందు చెప్పలేనివారు పేరు లేకుండా రాసిచ్చే వీలుండాలి.

గదుల కేటాయింపు లాటరీతో జరగాలి. భోజనశాల ఒక్కటే ఉండాలి. ఆహారాన్ని బట్టి బల్లలు వేరు కారాదు. యూజీసీ 2012 నిబంధనలు కోరిన సమాన అవకాశాల విభాగం, వివక్షపై ఫిర్యాదులు వినే అధికారి ఎక్కడ కూర్చుంటారన్నదీ ముఖ్యమే. పాలనాభవనం మూలన, అందరి కళ్లు దాటి వెళ్లవలసిన గదిలో ఉంటే ఏ విద్యార్థి తలుపు తడతారు?

వీటిలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు. నిర్ణయం చేసే బల్ల చుట్టూ ఎవరికి కుర్చీ వేశామన్నదే ప్రశ్న. వాడ నుంచి వచ్చిన విద్యార్థి ఆ కుర్చీలో కూర్చోనంత కాలం, ఎంత అందమైన భవనం కట్టినా అది పాత ఊరికి కొత్త సున్నమే.