బేచిరాకు ఊళ్ళు

ఏర్పేడు దగ్గర మా ఊరికి మైలు దూరంలో ఒక దిబ్బ ఉంది. అందరూ పాటిదిబ్బ అంటారు. ఒక చింతచెట్టు, రాళ్ళు ఊడిన పాడుబావి, ఎక్కడ చూసినా కుండపెంకులు, అంతే. "మిట్టమధ్యాన్నం ఆ పక్కకి పోబాకండ్రా, ఊరు పాడైన చోట గాలి మంచిది కాదు" అని మా అవ్వ చెప్పేది. అయితే ఎండాకాలం వచ్చిందంటే మా నాయన అదే దిబ్బకు బండి కట్టుకొని పోయి మన్ను తోలేవాడు! దయ్యాలుండే చోటికి ఎరువు కోసం ఎందుకు పోతాడని నాకు చిన్నప్పటి నుంచి సందేహం. సైన్సు చదువుతున్నందువల్ల ఆ సందేహానికి కొంత జవాబు దొరికింది.

రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి ఊళ్ళకు ఒక పేరుంది. బేచిరాకు గ్రామం. ఊరికి పేరు ఉంటుంది, పొలాలకు నంబర్లు ఉంటాయి, కాపురం మాత్రం ఉండదు. పారశీక భాషలో చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. దీపం లేని ఊరన్నమాట. దయ్యాల ఊరు అనడం కంటే ఈ మాటే నిజానికి దగ్గరగా ఉంది. ఎందుకంటే దీపం ఊరికే ఆరిపోదు. నూనె అయిపోవాలి, లేదా గాలి కొట్టాలి.

మన సీమలో ఊళ్ళు పాడు కావడానికి పెద్ద కారణం నీళ్ళు. చెరువు తెగినా, బావి ఇంకినా జనం మూటాముల్లె కట్టుకోవలసిందే. 1876-78 నాటి ధాత కరువు మాట ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వింటాం. కలరా వచ్చిందంటే మిగిలినవాళ్ళు ఊరొదిలేసి వేరేచోట గుడిసెలు వేసుకొనేవాళ్ళు. తర్వాతి కాలంలో వేరే కారణాలూ వచ్చాయి. శ్రీశైలం జలాశయం కింద 1981లో ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. అక్కడి సంగమేశ్వరాలయం నేటికీ ఏటా నీళ్ళలో మునిగి, వేసవిలో మళ్ళీ బయటపడుతుంది. రామేశ్వరం పక్కనున్న ధనుష్కోడిని 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను రైలుతో సహా మింగేసింది. మన పాత చిత్తూరు జిల్లా కూలీలు ఎందరో బతికిన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడ ఊరు మిగిలింది గాని పని మిగల్లేదు. వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి కూలి తెచ్చుకుంటారు.

బయటి దేశాల్లోనూ ఇదే కథ. ఆఫ్రికాలోని నమీబియాలో 1908లో వజ్రాలు దొరికాయి. వాటి మీద కోల్మన్‌స్కాప్ పట్నం పుట్టింది. వజ్రాలు తరిగాయి, 1956కల్లా మనుషులు పోయారు, ఇప్పుడు ఇళ్ళ నిండా ఎడారి ఇసుకే. చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం 1986 ఏప్రిల్ 26న పేలింది. మర్నాడే పక్కనున్న ప్రిప్యాత్ నుంచి దాదాపు యాభై వేల మందిని బస్సుల్లో తరలించారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎక్కడ చూసినా దయ్యం వచ్చి ఊరు పాడుకాలేదు. ఊరు పాడయ్యాకే దయ్యం వచ్చింది.

మరి దయ్యం మాటేమిటి? నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ పాటిదిబ్బ బావిలో పూడిక తీయడానికి దిగిన ఒక కూలీ పైకి రాలేదు. "దయ్యం లాగేసింది" అన్నారు. దించింది మా చుట్టాలే. ఆ మాటతో అందరి మనసూ కుదుటపడింది, ఆయన ఇంట్లోవాళ్ళది తప్ప. వాడకం లేని బావిలో ఆకూ అలమూ కుళ్ళి ఆక్సిజన్ తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు తయారవుతుంది. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్ళలాగా అడుగున నిలుస్తుంది. దిగినవాడు రెండు మూడు ఊపిర్లకే కూలిపోవచ్చు, కాపాడబోయినవాడూ అంతే. పాతవాళ్ళు ముందు తాడుతో లాంతరు దించి చూసేవాళ్ళు. దీపం ఆరితే దిగరు. అయితే దీపం ఆరనంత మాత్రాన క్షేమమని కాదు, కొన్ని విషవాయువులకు దీపం ఆరదు. మండే వాయువు ఉంటే అంటుకుంటుంది కూడా. లోపలికి గాలి కొట్టించి, నడుముకు తాడు కట్టి, పైన మనుషుల్ని పెట్టుకొని గాని దిగకూడదు. ఆ రోజు ఈ మాట ఒక్కరికి తెలిసి ఉన్నా ఆ మనిషి బతికేవాడేమో.

ఇక మా నాయన మన్ను సంగతి. మనుషులూ పశువులూ తరతరాలుగా ఉన్నచోట పేడ, బూడిద, ఎముకలు నేలలో కలుస్తాయి. వాటిలో భాస్వరం ఉంటుంది. నత్రజని వానకు కొట్టుకుపోతుంది గాని, భాస్వరం నేలలోని సున్నంతో, ఇనుముతో ముడిపడి వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది. పాటిమన్ను వేస్తే పైరు పచ్చబడేది అందుకే. మనం రసాయనశాస్త్రంలో చదివే అర్హీనియస్ కొడుకు ఓలాఫ్, స్వీడన్‌లో ఈ భాస్వరాన్ని కొలిచే పాత ఊళ్ళ జాడలు కనిపెట్టాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వించగా, అది కొత్తరాతియుగం పశువుల దొడ్లలో కాలిన పేడ అని తేలింది. ఆవుల గిట్టల గుర్తులు కూడా కనబడ్డాయి. అంటే ఆ ఊరి మనుషులు దయ్యాలై తిరగడం లేదు. మన శెనక్కాయ చెట్లకు బలమై ఉన్నారు.

కాని ఒక చిక్కుంది. మన్ను తోలేకొద్దీ దిబ్బ తరుగుతోంది. ఇప్పుడు బండి పోయి ట్రాక్టరు వచ్చింది. ఆ ఊరు ఎందుకు ఆరిపోయిందో చెప్పే పుస్తకం అదొక్కటే, దాన్ని మనమే పేజీ పేజీ చించి మడిలో చల్లుతున్నాం. నాయనను తోలవద్దనే నోరు నాకు లేదు. ఎరువు బస్తా ధర నాకు తెలుసు.

మా మండలంలోనే గుడిమల్లం ఉంది. అక్కడి లింగం క్రీస్తు పూర్వపుదని పండితులంటారు. నేటికీ ఊరుంది, గుళ్ళో దీపముంది. మా ఊళ్ళో మాత్రం పోయిన సంక్రాంతికి మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే నాలుగింటికి తాళాలు చూశాను. బోర్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి. నేను కూడా హాస్టల్లోనే కదా ఉన్నాను!

మిత్రులారా, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పాటిదిబ్బ పేరేమిటో, అక్కడివాళ్ళు ఎందుకు పోయారో ముసలివాళ్ళను అడిగి రాసుకోండి. పెంకులుంటే ఏరి దాచండి. దయ్యమని ఊరుకుంటే కారణం తెలియదు. కారణం తెలియకపోతే రేపు మన ఊరి పేరు పక్కన కూడా ఎవరో గుమాస్తా 'బేచిరాకు' అని రాసుకొని పోతాడు.