పవర్ బీఐలో కలవని రోస్ మాత్రమే చూపించడం ఎలా? రెండు కాలమ్స్ పోలిక

ఈరోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే, కానీ రిపోర్టింగ్ పనిలో చేరిన మొదటి నెలలోనే ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు. ఒక టేబుల్ ఉంది. అందులో రెండు కాలమ్స్ ఒకేలా ఉండాలి. ఎక్కడ తేడా ఉందో ఆ రోస్ మాత్రమే రిపోర్ట్‌లో కనిపించాలి. అంతే.

ఉదాహరణకి జీతాల ఫైల్ తీసుకుందాం. ఒక కాలమ్‌లో ఉద్యోగి హెచ్ఆర్‌కి ఇచ్చిన బ్యాంక్ అకౌంట్ నంబర్. పక్క కాలమ్‌లో జీతం వేయమని బ్యాంకుకి పంపబోయే ఫైల్‌లోని నంబర్. ఇదే ఎందుకంటే, మన దగ్గర నెఫ్ట్‌లో పంపిన డబ్బు జమ అయ్యేది అకౌంట్ నంబర్‌ని బట్టే, పేరుని బట్టి కాదు. రిజర్వ్ బ్యాంక్ 2010లోనే ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అంటే రెండు అంకెలు అటూ ఇటూ అయి, ఆ నంబర్‌తో నిజంగానే ఒక ఖాతా ఉంటే, ఒకరి జీతం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. 2,000 మంది లిస్ట్‌ని కళ్ళతో వెతకలేం కదా.

చాలామంది ముందు ఫిల్టర్స్ పేన్‌కి వెళ్తారు. అక్కడ "ఈజ్ నాట్" అనే ఆప్షన్ ఉంటుంది కానీ, మీరు టైప్ చేసిన విలువతోనే అది పోలుస్తుంది. ఆ బాక్స్‌లో రెండో కాలమ్ పేరు కొడితే, ఆ పేరుని మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. ప్రతి రోలో పక్క కాలమ్‌లో ఏముందో చూడటం దానికి రాదు. అందుకే ముందు ఒక కొత్త కాలమ్ కట్టి, ఫిల్టర్ దాని మీద పెట్టాలి.

మోడలింగ్ ట్యాబ్‌లో న్యూ కాలమ్ నొక్కండి. స్టేటస్ అని పేరు పెట్టి, ఇఫ్ ఫంక్షన్ రాయండి: హెచ్ఆర్ నంబర్, పేరోల్ నంబర్ సమానమైతే "మ్యాచ్", లేకపోతే "మిస్‌మ్యాచ్". ఈ కాలమ్‌ని ఫిల్టర్స్‌లోకి లాగి, మిస్‌మ్యాచ్ దగ్గర టిక్ పెడితే పని అయిపోయింది.

అయిపోయింది అనుకుంటాం. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది.

కొత్తగా చేరిన ఒకతను ఇంకా అకౌంట్ నంబర్ ఇవ్వలేదు. హెచ్ఆర్ కాలమ్ ఖాళీ, పేరోల్ కాలమ్ కూడా ఖాళీ. మన ఫార్ములా ఏమంటుంది? మ్యాచ్ అంటుంది! ఖాళీ, ఖాళీ సమానమే కదా మరి. జీతం వెళ్ళే దారే లేని మనిషి, అంతా సరిగ్గా ఉన్నవాళ్ళ లెక్కలో కలిసిపోతాడు. ఇంకోటి, డ్యాక్స్‌లో ఖాళీ సెల్, సున్నా కూడా సమానమే. ఇన్సెంటివ్ కాలమ్‌లో ఒకవైపు సున్నా, ఇంకోవైపు అసలు ఎంట్రీయే లేకపోయినా మ్యాచ్ అనే వస్తుంది. ఈక్వల్స్ గుర్తు రెండుసార్లు కొడితే ఖాళీకీ సున్నాకీ తేడా చూస్తుంది, కానీ రెండూ ఖాళీ అయితే అప్పుడూ మ్యాచే.

బీటెక్‌లో డీబీఎంఎస్ ల్యాబ్ చేసినవాళ్ళు ఇక్కడ తికమక పడతారు. ఎస్‌క్యూఎల్‌లో కథ వేరు. నల్‌ని దేనితో పోల్చినా అవునూ కాదు, కాదూ కాదు. "సమానం కానివి చూపించు" అని వేర్ కండిషన్ రాస్తే ఒకవైపు నల్ ఉన్న రో అసలు లిస్ట్‌లోకే రాదు. రెండు సాఫ్ట్‌వేర్లు, రెండు రకాల దాపరికాలు!

అందుకే నేనైతే రెండు ముక్కలతో ఆపను. ఇఫ్ బదులు స్విచ్ ట్రూ వాడతాను. మొదటి కండిషన్: హెచ్ఆర్ నంబర్ ఖాళీ కోట్స్‌తో సమానమైతే "హెచ్ఆర్‌లో లేదు". రెండోది: పేరోల్ నంబర్ అలాగే ఉంటే "పేరోల్‌లో లేదు". మూడోది: రెండూ సమానమైతే "మ్యాచ్". మిగిలింది "మిస్‌మ్యాచ్". టెక్స్ట్ కాలమ్‌లో ఈజ్‌బ్లాంక్ కంటే ఖాళీ కోట్స్‌తో పోల్చడమే మేలు, నిజమైన ఖాళీ, ఖాళీ టెక్స్ట్ రెండూ దొరుకుతాయి. ఆర్డర్ మాత్రం మార్చకండి, ముందు కుదిరిన కండిషన్ దగ్గరే స్విచ్ ఆగిపోతుంది.

ఇక కాలమ్ టైప్ సంగతి. ఫైల్ లోడ్ చేయగానే పవర్ క్వెరీ తనంతట తానే "చేంజ్డ్ టైప్" అనే స్టెప్ వేసి, అకౌంట్ నంబర్‌ని పూర్ణసంఖ్య చేసేస్తుంది. ముందున్న సున్నాలు పోతాయి. ఆ స్టెప్ తీసేసి టైప్ టెక్స్ట్ అని పెట్టండి. ఎక్సెల్‌లో ఇంకా ఘోరం. నంబర్‌గా ఎంటర్ చేస్తే 15 అంకెల వరకే నిలుస్తాయి, 16వ అంకె సున్నా అయిపోతుంది. మన బ్యాంకుల్లో 16 అంకెల అకౌంట్లు ఉన్నాయి. ఒకసారి సేవ్ అయ్యాక ఆ అంకె పవర్ బీఐకి కూడా దొరకదు, ఒరిజినల్ తెప్పించుకోవాల్సిందే.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కాలమ్‌లో మిస్‌మ్యాచ్ వచ్చి, కంటికి రెండూ ఒకేలా కనిపిస్తే ఐదో అక్షరం చూడండి. అది ఎప్పుడూ సున్నాయే, కానీ కొందరు ఇంగ్లీష్ ఓ కొడతారు. అది కాకపోతే మొదట్లో స్పేస్ ఉందేమో చూడండి. చివరి స్పేస్‌లు లోడ్ అయ్యేటప్పుడు వాటంతటవే పోతాయి, ముందువి పోవు. పవర్ క్వెరీలో ట్రిమ్ కొడితే చాలు.

రెండు కాలమ్స్ వేర్వేరు టేబుల్స్‌లో ఉంటే ముందు ఎంప్లాయీ ఐడీ మీద మర్జ్ చేయాలి. ఫుల్ ఔటర్ ఎంచుకోండి, లేకపోతే ఒకవైపే ఉన్న మనుషులు జారిపోతారు. ఐడీ రెండుసార్లు ఉంటే రోస్ కూడా రెట్టింపవుతాయి, కాబట్టి కౌంట్ చూసుకోండి.

రిపోర్ట్ సర్‌కి పంపేముందు ఒక పని చేయండి. ఫైల్ కాపీ తీసుకుని, ఒక నంబర్‌లో ఒక అంకె మార్చండి, ఇంకొకరి రోలో రెండు కాలమ్సూ ఖాళీ చేయండి. రిపోర్ట్‌ని ఆ కాపీకి కలిపి రిఫ్రెష్ కొట్టండి. మొదటిది "మిస్‌మ్యాచ్"లో, రెండోది "హెచ్ఆర్‌లో లేదు"లో కనిపించాలి. కనిపిస్తే మళ్ళీ అసలు ఫైల్‌కి మార్చి పంపేయండి.