ఉప్పును ఆపే పొర

ఇసుక నీళ్లను వడపోత కాగితంలో పోస్తే ఇసుక ఆగిపోతుంది. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పూ నీళ్లూ కలిసే కిందికి దిగుతాయి. విజాతీయ మిశ్రమానికీ ద్రావణానికీ తేడా చెప్పాలంటే సైన్సు టీచర్లందరం చేసి చూపించే ప్రయోగం ఇది. తొమ్మిదో తరగతిలో ఇదే చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మరి మా ఇంట్లో ఆర్వో మెషీన్ ఎలా వడగడుతోంది సార్?" అంది. అలాంటి ప్రశ్నకు రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఆర్వో మెకానిక్ మార్చి పక్కన పడేసిన పాత మెంబ్రేన్ ఒకటి అడిగి తెచ్చి, మర్నాడు పిల్లల ముందే కోశాను.

పై టేపు చీల్చగానే చాపచుట్టలా విప్పుకుంది. నడిమధ్య వరసగా చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టం. దాని చుట్టూ ఉప్పునీళ్లు పారే ప్లాస్టిక్ వల, మంచినీళ్లను గొట్టం దాకా చేర్చే గుడ్డ, ఆ రెంటి మధ్య నున్నటి తెల్లని రేకు. వలకి గోధుమరంగు మడ్డి పట్టింది, గుడ్డ మాత్రం శుభ్రంగా ఉంది. పనంతా ఆ రేకుదే. అందులోనూ ఉప్పును ఆపేది పైపొర ఒక్కటే. దాని మందం మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు.

చిల్లులు బాగా సన్నవి కాబట్టి ఉప్పు ఆగిపోతోందన్నారు పిల్లలు. అందరం అలాగే అనుకుంటాం. కానీ సోడియం అయాన్‌ను విడిగా చూస్తే అది నీటి అణువుకంటే చిన్నది! జల్లెడ లెక్కన అయితే ముందు జారిపోవలసింది సోడియమే. అసలు సంగతి ఏమిటంటే, ధనావేశం ఉన్న ఆ అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని వదిలించుకోవాలంటే చాలా శక్తి కావాలి, వాటితో సహా దూరాలంటే దారి చాలదు. విడి నీటి అణువుకు ఈ బెడద లేదు. అది పొరలోని పాలిమర్‌లోకి ఇంకి, మెల్లగా అవతలికి చేరుతుంది. అంటే ఆ పొర కూడా ఒక ద్రావణిలాగే పనిచేస్తోంది. నీటిని తనలో కరిగించుకుంటుంది, ఉప్పును దాదాపు కరగనివ్వదు. కరగడం వల్ల వచ్చిన చిక్కును మళ్లీ కరగడంతోనే విప్పడం! ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అయితే నీటిని దాని మానాన వదిలేస్తే మనకు కావలసిన వైపు రాదు. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించగానే ఊట దిగుతుంది కదా, నీరు ఉప్పున్న వైపే నడుస్తుంది. 1748లో నోలే అనే ఫ్రెంచి మతగురువు సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర కట్టి నీళ్లలో ముంచితే, నీళ్లు లోపలికి చొరబడి పొర ఉబ్బిపోయింది. ఇలా నీరు నడవడమే ద్రవాభిసరణ. దాని పీడనానికి లెక్క కట్టినవాడు వాంట్ హాఫ్. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనదే. పలచని ద్రావణాల్లో ఆయన లెక్కకు కరిగింది ఏమిటన్నదానితో పనిలేదు, ఎన్ని కణాలున్నాయో తెలిస్తే చాలు. లీటరుకు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీటికి ఆ పీడనం సుమారు 27 అట్మాస్ఫియర్లు. అంతకు మించి నొక్కితే నీరు దారి మళ్లి, ఉప్పును వదిలేసి ఇవతలికి వస్తుంది. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న బోరు నీటికైతే ఒక్క అట్మాస్ఫియరు కూడా ఉండదు. అందుకే వంటింటి మెషీన్‌కు ఆ చిన్న మోటారు సరిపోతోంది.

1950ల్లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్, బ్రెటన్ అనే ఇద్దరు సెల్యులోజ్ ఎసిటేట్ రేకు ఉప్పును ఆపుతుందని కనిపెట్టారు. కానీ నీళ్లు మరీ బొట్టుబొట్టుగా వచ్చేవి. లాస్ ఏంజిలిస్‌లో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ అదే పట్టుకున్నారు. బజారులో దొరికే రేకును వేడిచేసి పరీక్షిస్తే ఫలితం ఒకసారి బాగా వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. చివరికి తేలిందేమిటంటే, ఉప్పునీటికి ఏ ముఖం తగులుతోందన్నదే తేడా! రేకు రెండువైపులా ఒకేలా లేదు. ఒకవైపు చిక్కని పైపొర, దాని కింద గుల్లగా ఉన్న ఆధారం. పైపొర ఎంత పలచనైతే నీరు అంత వేగంగా దాటుతుంది, పీడనాన్ని మోసే పని గుల్లపొర చూసుకుంటుంది. ఇక వాళ్లే తయారుచేయడానికి పూనుకున్నారు. పాలిమర్‌ను ఎసిటోన్‌లో కరిగించి, కాస్త మెగ్నీషియం పెర్క్లోరేట్ కలిపి, గాజుపలక మీద పలచగా పరిచి, పైన కొంచెం ఆరగానే ఐసు నీళ్లలో ముంచి, ఆ తర్వాత వేడినీళ్లలో పెట్టారు. నీటి ధార దాదాపు పదిరెట్లు పెరిగింది.

ఇందాక నేను చెప్పిన 'ఇంకి దాటడం' సౌరిరాజన్‌కు సమ్మతం కాదు. పొరను ఆనుకుని అతి పలచని మంచినీటి పొర ఏర్పడుతుందనీ, అదే సూక్ష్మరంధ్రాల గుండా పారుతుందనీ ఆయన వాదం. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా మొదటి పక్షమే. వాదం మాత్రం ఇంకా పూర్తిగా తెగలేదు, నాకైతే రెండూ చదవడం ఇష్టం.

తర్వాతి కథ వేగంగా నడిచింది. ఒకప్పుడు రైల్లో తాగునీళ్లు తెప్పించుకున్న కాలిఫోర్నియా ఊరు కోలింగాలో 1965లో ఈ పద్ధతి మొదలైంది. 1970ల్లో జాన్ కడోట్ మరో ఉపాయం పన్నాడు. నీళ్లలో ఒక రసాయనం, నీటితో కలవని హెక్సేన్‌లో ఇంకొకటి. రెండూ సరిహద్దులో కలిసిన చోట క్షణాల్లో పొర పుడుతుంది. పుట్టిన పొరే వాటిని మళ్లీ కలవనివ్వదు కాబట్టి మందం పెరగకుండా ఆగిపోతుంది. మేం కోసింది అలాంటి రేకే.

ఇక మన దగ్గరికొస్తే, పటికా సున్నమూ వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ జిల్లా పల్లెల్లోకి ఆ తర్వాత ఆర్వో ప్లాంట్లూ వచ్చాయి. పొర ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, వదిలేసే నీటిలోకి ఇంకా చిక్కగా నెడుతుంది. ఆ నీళ్లు బోరు పక్కనే ఇంకితే అది తిరిగి భూమిలోకే పోతుంది. ప్లాంటు కట్టేటప్పుడే ఆ నీటికి వేరే దారి చూడాలి.