చైనా పిల్లల ‘ఎర్ర కళ్లు’... మన పిల్లల ‘కడుపు మంట’



“నా మార్కులు చూసి మా ఫ్రెండ్ కళ్లు ఎర్రబడ్డాయి” అని ఒక విద్యార్థి ఇంగ్లిష్‌లో రాశాడనుకోండి. చదివినవాళ్లు కళ్లకలక అనుకుంటారు. కానీ ఆ విద్యార్థి మాతృభాష చైనీస్ అయితే, అతను చెప్పింది అసూయ గురించి! చైనీస్‌లో ‘కళ్లు ఎర్రబడటం’ అంటే ఈర్ష్య. ప్రేమలో అసూయ అయితే ‘వెనిగర్ తినడం’ అంటారు. ఇంగ్లిష్‌లో మాత్రం అసూయ రంగు ఆకుపచ్చ.

మరి అతని వాక్యంలో తప్పెక్కడుంది? గ్రామర్‌లో లేదు, స్పెల్లింగ్‌లో లేదు. మాటలు ఇంగ్లిష్‌వి, వాటి వెనకున్న పోలిక చైనీస్‌ది. తెలుగు క్లాసులో రూపకం అని, ఇంగ్లిష్ క్లాసులో మెటఫర్ అని చెప్పేది ఈ పోలికనే. ఇది కవుల సొత్తు మాత్రమే కాదు. మన రోజువారీ మాటలు, ఆలోచనలు కూడా రూపకాల మీదే నడుస్తాయని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ‘మెటఫర్స్ వుయ్ లివ్ బై’ అనే పుస్తకంలో వివరించారు.

మన ఇంట్లో మాటలే చూడండి. గర్వం వస్తే కళ్లు నెత్తికెక్కాయంటాం. చైనీస్‌లోనూ గర్విష్ఠి కళ్లు నడినెత్తి కన్నా పైన ఉంటాయి! ఇంగ్లిష్‌లో పైకి లేచేది ముక్కు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. నేను టీచర్‌గా చేరిన కొత్తలో ఒక పాప, అన్నయ్యకు కొత్త సైకిల్ కొన్న రోజు గురించి కాంపోజిషన్ రాస్తూ “మై స్టమక్ బర్న్‌డ్” అంది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన ‘రాంగ్’ అని రాశాను. ఆ తర్వాత ఆ పాప ఏది రాసినా “ఐ వాజ్ శాడ్” అనే రాసేది. తప్పుల్లేవు, కానీ ఆ రాతలో పాప కూడా లేదు. అప్పటినుంచి కొట్టేసే ముందు “ఏం చెప్పాలనుకున్నావు?” అని అడుగుతున్నాను.

మీరు ఇంట్లో చేయగలిగినవి:

• వింత వాక్యం కనిపిస్తే నవ్వకండి. “తెలుగులో ఎలా అంటావు?” అని అడగండి.

• ఒక నోట్‌బుక్‌లో రెండు కాలమ్స్ గీయించండి. ఒకవైపు మన పోలిక, ఎదురుగా అదే అర్థమిచ్చే ఇంగ్లిష్ పోలిక. పరీక్షలో రెండోది రాయాలని చెప్పండి. కథలోనో డైరీలోనో మొదటిది కూడా రాయనివ్వండి.

• అమ్మమ్మ, తాతయ్యల దగ్గర వారానికో పోలిక అడిగి రాయమనండి.

చివరగా ఒక సంగతి. చైనీస్‌లో ఎవరినైనా ఉత్సాహపరచాలంటే ‘నూనె పోయి’ అంటారు. దాన్ని మక్కీకి మక్కీగా ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ‘యాడ్ ఆయిల్’ ఒకప్పుడు నవ్వులాటే. 2018లో అది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో చేరింది.

కాబట్టి మీ పాప, బాబు రాసిన వింత వాక్యాన్ని కొట్టేసే ముందు, ఒక్కసారి ఆగి అడగండి.

— మీ ఇంగ్లిష్ టీచర్