ఇంటిలో ఇనుపదారి

కృష్ణానదికి దక్షిణపు గట్టున, విజయవాడ కెదురుగా, తాడేపల్లి యను పట్టణము కలదు. విజయవాడ నుండి నదిపై వంతెన దాటి వచ్చిన రైలుబండి మొదట చేరు జంక్షను ఇచ్చటనే యున్నది. దాని పేరు కృష్ణా కెనాల్ జంక్షన్. ఇచ్చట ఇనుపదారి రెండుగా చీలును. ఒకటి కొలనుకొండ, దుగ్గిరాల, తెనాలి మీదుగా చెన్నపట్టణము వైపు పోవును. రెండవది మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరు చేరును. ఒక ప్రక్క సీతానగరపు కొండ, ఒక ప్రక్క కాలువ, ఎదుట మహానది, నడుమ రెండు దారుల కూడలి! ఇంత చిన్న చోట ఇన్ని వింతలు గల స్టేషనులు అరుదు.

ఇట్టి కూడలి యొద్ద నివసించు బాలబాలికలకు రైలుబండి నిత్యము కనబడునదే. ఐనను, పరుగెత్తు బండి ఒక దారి విడిచి వేరొక దారి నెట్లు పట్టును? దారి సిద్ధము కాకమునుపే పచ్చదీపము వెలుగకుండ ఏది ఆపుచున్నది? వంపు తిరుగునప్పుడు చక్రము పట్టాపై నుండి ఏల జారిపోదు? ఈ ప్రశ్నలకు సమాధానము ప్లాట్‌ఫారముపై నిలిచి చూచినంత మాత్రమున దొరకదు. చూచుటవలన తెలియనిది చేయుటవలన తెలియును. ఇంటిలో ఒక బల్లపై చిన్న రైలుమార్గమును నిర్మించుట అందుకొక చక్కని సాధనము.

బొమ్మరైలు వేరు, నమూనారైలు వేరు. బొమ్మరైలునకు కొలతతో పని లేదు. ఇంజను ఏనుగంత, స్టేషను అగ్గిపెట్టెయంత ఉన్నను పిల్లలు సంతోషింతురు. నమూనాలో నట్లు కాదు. బండి, పట్టా, ప్లాట్‌ఫారము, దానిపై నిలిచిన మనిషి, అన్నియు ఒకే పాళ్లలో తగ్గవలెను. ఈ విద్య ఐరోపాలో పుట్టినది. జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతలతో పట్టాలను, బండ్లను ప్రదర్శించెను. నాటినుండి ఒకసారి కొన్నదానికి మరియొకటి చేర్చి, దారిని క్రమముగా పెంచుకొనుటకు వీలు కలిగినది. ఇంగ్లండులో ఫ్రాంక్ హారన్బీ 1920లో తన రైళ్లను అమ్మకమునకు తెచ్చెను.

నేడు ప్రపంచమున హెచ్చుగా వాడుకలో నున్న పాలు 87లో ఒక వంతు. అనగా 87 సెంటీమీటర్ల వస్తువు నమూనాలో 1 సెంటీమీటరగును. ఈ లెక్కను నిజమైన వస్తువులకు వేసి చూచిన వినోదముగా నుండును. పెరంబూరు కర్మాగారమున తయారైన పాతరకపు ప్రయాణీకుల పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, నమూనాలో అది 24.5 సెంటీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లకు దిగును. గుంటూరు మిరప యార్డులో ఒక మీటరు ఎత్తున నిలిచిన టిక్కీ ఒక చింతగింజ యంత యగును. వేగమును గూడ ఇట్లే తగ్గింపవలెను. గంటకు 80 కిలోమీటర్లు పోవు బండి నమూనాలో సెకనుకు సుమారు 25 సెంటీమీటర్లు కదలవలెను. అనగా ఒక మీటరు దారికి నాలుగు సెకనులు. అంతకు మించి పరుగెత్తించిన అది తిరిగి బొమ్మరైలే యగును.

ఇచ్చట మన దేశపు వారికి ఒక చిక్కు కలదు. విపణిలో దొరకు పట్టాల మధ్య దూరము 16.5 మిల్లీమీటర్లు. దానిని 87చే గుణించిన 1435 మిల్లీమీటర్లు వచ్చును. ఇది ఐరోపా, అమెరికాల కొలత. మన బ్రాడ్‌గేజి దారి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించిన 19 మిల్లీమీటర్లకు కొంచెము మించును. కావున మన బండ్లను సరియైన పాళ్లలో చేసి ఆ పట్టాలపై నిలిపినచో, దారి కొంత ఇరుకుగా కనబడును. కొందరు ఈ లోపమును సహించి పని సాగింతురు. మరికొందరు ఓర్పుతో 19 మిల్లీమీటర్ల పట్టాలను స్వయముగా పరచుకొందురు. రెండు మార్గములును మంచివే. కాని ఏది యెన్నుకొన్నదియు పని మొదలిడక మునుపే నిశ్చయించుకొనవలెను.

తరువాతి ప్రశ్న: ఏమి నిర్మింపవలెను? ఒక కిలోమీటరు నిజమైన దారికి నమూనాలో పదకొండున్నర మీటర్లు కావలెను. 1223.5 మీటర్ల పొడవు గల ప్రకాశము బ్యారేజికి 14 మీటర్లు కావలెను; సామాన్యుని ఇంటిలో అంత గది యుండదు. కావున సర్వమును చూపబూనుట అవివేకము. ఒక ముఖ్యమైన చోటు నెన్నుకొని, దాని లక్షణములను మాత్రము నిలుపుకొని, తక్కినదానిని కుదింపవలెను. చిత్రకారుడు నాలుగు గీతలలో మనిషి పోలికను పట్టునట్లు, నమూనాకారుడు నాలుగడుగులలో ఊరి పోలికను పట్టవలెను. తాడేపల్లి విషయములో వంతెన చివరి రెండు గాళ్లు, కూడలి, ఒక ప్లాట్‌ఫారము, కొండ, కాలువ ఉన్న చాలును.

2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల ప్లైవుడ్ పలకను చట్రముపై బిగించిన మంచి బల్ల యగును. దాని నాలుగు వైపులకును మనిషి పోగలుగునట్లుండవలెను. గోడకు చేర్చి పెట్టదలచిన వెడల్పు 75 సెంటీమీటర్లకు మించరాదు. చేయి చాపిన అందని చోట పడిన బండిని ఎత్తుట కష్టము. చట్రము బలహీనమైనచో వేసవియెండకును వానకాలపు తేమకును పలక వంకరపోవును. పలక వంకరపోయిన పట్టాలు గూడ వంకరపోవును.

బల్ల కొలత దారి కొలతను శాసించును. 1.2 మీటర్ల వెడల్పులో అంచులకు చోటు విడిచిన, అర్ధవృత్తమునకు 55 సెంటీమీటర్ల వ్యాసార్ధము మిగులును. రెండు చివరలను రెండు వంపులు పోగా, ప్రక్కన తిన్నని దారి 120 సెంటీమీటర్లు మాత్రమే. అందు ఒక మీటరు ప్లాట్‌ఫారమును కట్టవచ్చును; ఒక ఇంజనును మూడు పెట్టెలును దాని ప్రక్కన నిలుచును. భారత రైల్వేలలో బ్రాడ్‌గేజి వంపు వ్యాసార్ధము 175 మీటర్లకు తగ్గరాదని నియమము కలదు. దానిని 87చే భాగించిన రెండు మీటర్లు వచ్చును. బల్లమీది వంపు దానిలో మూడవవంతు కూడ కాదు! అందుచేత పొడవైన పెట్టెలు వంపులో ప్రక్కకు పొడుచుకొని వచ్చును. ప్లాట్‌ఫారమును గాని స్తంభమును గాని వంపునకు మరీ దగ్గరగా పెట్టరాదు. పెట్టెలలో కెల్ల పొడవైనదానిని వంపుపై చేతితో నడిపి చూచిన పిదపనే కట్టడముల చోట్లు గుర్తింపవలెను.

ఎత్తుపల్లముల సంగతియు నిట్టిదే. మొదట అందరికిని ఒక దారి మీదుగా మరియొక దారిని దాటింపవలెనని కోరిక పుట్టును. అందుకు దారి 7 సెంటీమీటర్లైనను లేవవలెను. 50 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున ఎక్కిన గాని చిన్న ఇంజను బండిని లాగలేదు. ఎక్కుటకు మూడున్నర మీటర్లు, దిగుటకు మూడున్నర మీటర్లు కావలెను. బల్లమీది దారి మొత్తము ఆరు మీటర్ల లోపే. ఈ లెక్క ముందుగా వేయనివారు సగము పని యైన పిదప నిరాశ చెందుదురు. ఐనను నదిని చూపుటకు దారిని ఎత్తనక్కరలేదు. పలకను కోసి, నదీగర్భమును చట్రము లోపలికి దించవచ్చును. దారి సమముగనే యుండును, వంతెనయు కుదురును.

బండిని నడుపునది విద్యుత్తు. ఇంటిలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాపాయకరము. దానిని తాకరాదు, పట్టాలకు కలుపరాదు. విపణిలో దొరకు మూసిన అడాప్టరు దానిని 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి యిచ్చును. ఒక పట్టా ధనధ్రువము, రెండవది ఋణధ్రువము. చక్రముల ద్వారా విద్యుత్తు మోటారునకు చేరి, రెండవ పట్టా ద్వారా మరలిపోవును. ఇరుప్రక్కల చక్రములు ఒకే ఇనుపకడ్డీతో కలిసిన విద్యుత్తు మోటారును చేరకయే దాటిపోవును గనుక వాటి నడుమ విద్యుత్తు ప్రవహింపని పదార్థము నుంతురు. ధ్రువములను తారుమారు చేసిన బండి వెనుకకు నడచును. దారి తిరిగివచ్చి తనను తానే కలిసికొనునట్లు పరచినచో మాత్రము ధనధ్రువము ఋణధ్రువముతో తగులును. అట్టి చోట ఆ భాగమును విడదీసి వేరు స్విచ్చి పెట్టవలెను.

కూడలియే ఈ నమూనాకు గుండెకాయ. దారి చీలుచోట రెండు కూచి పట్టాలు ప్రక్కకు జరుగును; వీనిని పాయింట్లందురు. అవి ఒక ప్రక్కకు పూర్తిగా ఆనిన బండి తెనాలి దారి పట్టును, రెండవ ప్రక్కకు ఆనిన గుంటూరు దారి పట్టును. నడుమ నిలిచిన బండి పడిపోవును. అందుచేతనే నిజమైన రైలుమార్గమున పాయింట్లు సరిగా కుదురుకొననిదే పచ్చదీపము వెలుగకుండ సిగ్నలును పాయింటును ఒకదానితో నొకటి ముడివేసి యుంచుదురు. ఈ సూత్రమును బల్లపై చూపుట కష్టము కాదు. పాయింటును జరుపు కడ్డీయే తుదకు చేరినప్పుడు ఒక చిన్న స్విచ్చిని నొక్కునట్లు అమర్చి, ఆ స్విచ్చి ద్వారా దీపమునకు విద్యుత్తు నియ్యవలెను. కడ్డీ పూర్తిగా జరుగనిచో దీపము ఎర్రగనే యుండును. వేలమంది ప్రాణములను ప్రతిదినము కాపాడు ఏర్పాటు ఎంత సులభమైన ఆలోచనపై నిలిచియున్నదో అప్పుడు బోధపడును. గుంటూరు దారిని కొండ వెనుకకు పోనిచ్చి అచ్చట ముగింపవచ్చును. కొండచాటునకు పోయిన బండి చూపరుల దృష్టిలో గుంటూరు చేరినట్లే.

పరిసరములకు ధనము కంటె పరిశీలన యెక్కువ కావలెను. పాత వార్తాపత్రికలను గంజిలో నాన్చి కొండను మలచవచ్చును. నదియిసుకను టీ జల్లెడలో జల్లించిన పట్టాల నడుమ కంకర యగును. రంపపుపొట్టుకు ఎర్రరంగు పట్టించి పరచిన మిరపకాయలు ఆరబోసిన కళ్లము సిద్ధము. పుల్లలకు దూదిపింజలు అంటించిన ప్రత్తిచేను సిద్ధము. నదికి ఆవలి వైపున, విజయవాడకు దగ్గరలో కొండపల్లి కలదు. అచ్చటి శిల్పులు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి బొమ్మలు చేయుదురు. చిన్న మనుషులను, ఎడ్లబండ్లను చేయుటకు ఆ పద్ధతియే మిక్కిలి అనువైనది.

దారి పరచి బండి నడిపినంత మాత్రమున పని ముగియదు. అసలు విద్య అప్పుడే మొదలగును. బండి ఒకచోట ఆగును, ఒకచోట పడును. అట్టి వేళ విసుగుతో అన్నిటిని ఒక్కసారి మార్చువాడు కారణమును ఎన్నటికిని కనుగొనలేడు. ఒకసారికి ఒక మార్పే చేసి ఫలితమును చూడవలెను. ఒకే పెట్టె అన్నిచోట్లను పడుచున్న తప్పు పెట్టెది. అన్ని పెట్టెలును ఒకే చోట పడుచున్న తప్పు దారిది. అట్టపెట్టె మరీ తేలికయైనచో లోపల ఒక నాణెము నంటించిన నిలకడ కుదురును. అతుకుపై వ్రేలు మెల్లగా నడిపిన ఎత్తుపల్లము చేతికి తెలియును. ఇంజను దూరముగా పోయినకొలది మందగించిన అతుకులలో విద్యుత్తు నష్టపోవుచున్నదన్నమాట. బల్ల క్రిందుగా లావు తీగ నడిపి, మీటరుకొక చోట పట్టాలకు కలిపిన ఆ లోపము తీరును. దుమ్ము పట్టిన పట్టాలను స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడువవలెను. ఉప్పుకాగితముతో రుద్దరాదు, గీతలు పడినచోట దుమ్ము మరింత చేరును. ప్రతి లోపమును, దానికి చేసిన చికిత్సను తేదీతో ఒక పుస్తకమున వ్రాసికొనువాని దారి సంవత్సరము తిరుగునప్పటికి చక్కబడి తీరును.

కొలతలకొరకు నిజమైన పట్టాలపైకి ఎన్నడును దిగరాదు. అది నేరము, ప్రాణాపాయము. ప్లాట్‌ఫారముపై నుండి చూచి, ఇటుకల వరుసలను లెక్కించి గోడ ఎత్తును గట్టవచ్చును. బొమ్మ గీసికొని ఇంటికి రావచ్చును.

ఇట్టి కృషి ఎంత దూరము పోగలదో మన దేశముననే తార్కాణము కలదు. పుణె నగరమున బి. ఎస్. జోషి జీవితమంతయు కూర్చిన చిన్న రైళ్లతో ఏర్పడిన ప్రదర్శనశాల 1998 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. ఒక మనిషి యింటి వేడుక ఊరందరికి విద్యాశాల యైనది.

గుంటూరు సీమలో మీటరుగేజి రైళ్లు తిరిగిన కాలమొకటి కలదు. ఆ దారులు బ్రాడ్‌గేజిగా మారినవి. నేటి బాలురు ఆ బండి నెక్కి యెరుగరు. తాతలకు మాత్రము జ్ఞాపకము. వారిని అడిగి, పాత చిత్రములను చూచి, 12 మిల్లీమీటర్ల పట్టాలపై ఆ బండిని తిరిగి నడిపించుటకు వీలున్నది. తాతలు గతించిన పిదప అడుగుటకు ఎవరు నుండరు. కావున నమూనా నిర్మించువాడు చెక్కను, తీగను మాత్రమే కాక, తన ఊరి చరిత్రను గూడ బల్లపై నిలుపుచున్నాడు. పట్టా పట్టాతో, సిగ్నలు పాయింటుతో సరిగా కుదిరిననే బండి గమ్యము చేరును. ఒక చిన్న అతుకు వదులైనను పెద్ద ఇంజను నిలిచిపోవును. ఈ సత్యమును తన చేతులతో తెలిసికొన్న విద్యార్థి రేపు ఏ పని చేపట్టినను దానిలోని చిన్న అతుకును అలక్ష్యము చేయడు.