గ్రహణి వ్యాధియు ప్రేగులలోని సూక్ష్మజీవులును

పల్నాటిలోని రాజుపాలెము ప్రాంతమున ఒక రైతు జొన్న అన్నము, కందిపప్పు తిని పొలమునకు పోయెననుకొందము. అతడు తిన్నదంతయు అతనికే చెందదు. అందు కొంత అతని పెద్దప్రేగులో కాపురమున్న బాక్టీరియాకు ఆహారమగును. 2016లో ప్రకటింపబడిన ఒక లెక్క ప్రకారము మనుష్యదేహములో ఇవి సుమారు 38 లక్షల కోట్లు. దేహకణములో, సుమారు 30 లక్షల కోట్లు మాత్రమే. అయినను ఈ అతిథులందరి బరువు కలిపి పావు కిలోకు మించదు!

జొన్నలోని పీచును మన జీర్ణరసములు కరిగింపలేవు. బాక్టీరియా దానిని పులియబెట్టి బ్యూటిరిక్ ఆమ్లము మొదలగు వానిని తయారుచేయును. పెద్దప్రేగు లోపలి పొరలోని కణములకు ఈ ఆమ్లమే ముఖ్యమైన ఇంధనము. మజ్జిగలోని బాక్టీరియా మాత్రము సాధారణముగా ప్రేగులలో స్థిరపడవు; అవి వచ్చిపోవు చుట్టములు.

అయితే ఎవరి తావున వారున్నప్పుడే ఈ పొత్తు మేలు. చిన్నప్రేగులో బాక్టీరియా సహజముగా స్వల్పము. ఒక్కొక్కప్పుడు విరేచనములు పట్టి తగ్గిన పిమ్మట, కొన్ని జాతులు అచ్చటనే తిష్ఠవేయును. అప్పుడు ఆహారసారమును పీల్చుకొను చూషకములు పొట్టివై చెడిపోవును. ఇదియే గ్రహణి, ఇంగ్లీషులో స్ప్రూ. నాలుక పూయును, మలములో కొవ్వు పోవును, రక్తము క్షీణించును, మనిషి చిక్కి శల్యమగును. ఇందొక విషవలయము కలదు. ప్రేగు పొరలోని కణములు కొద్ది దినములకొకసారి క్రొత్తవి కావలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము అవసరము. పొర చెడినచో ఆ ఆమ్లము ఒంటబట్టదు. ఒంటబట్టనిచో పొర బాగుపడదు. 1960 ప్రాంతములలో తమిళనాటి ఉత్తర ఆర్కాటు పల్లెలలో ఈ వ్యాధి ఊళ్లకూళ్లకు వ్యాపింపగా, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు దానిని పరిశోధించిరి.

ఈ వ్యాధి కథలో ఒక తెలుగువాని పేరు రెండు మారులు వచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిరువురు కొద్ది దినముల తేడాతో దీనివలననే మరణించిరి. ఆయనయు దీని పాలబడి, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకొనెనని చెప్పుదురు. తరువాత అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వములోని బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆ ఆమ్లము ఎంత ఉన్నదో కొలుచుటకు వాడినదియు బాక్టీరియమే! లాక్టోబాసిల్లస్ కేసియై దానిని స్వయముగా చేసికొనలేదు గనుక, అది ఎంత పెరిగిన ఆమ్లము అంత ఉన్నట్లు లెక్క.

సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడే, అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. ఇది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూసెను. టెట్రాసైక్లిన్ మందులలో ఇది మొదటిది. నేటికిని గ్రహణికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్ జాతి మందును కలిపి నెలల తరబడి ఇత్తురు. మొదటిది లోటును పూడ్చును, రెండవది ఆక్రమణదారులను తరుమును.

కాని తరిమెడి మందు శత్రుమిత్రభేదమెరుగదు. అనవసరముగా యాంటిబయాటిక్ మ్రింగినవారికి మంచి బాక్టీరియా నశించి, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసైల్ అను దుష్టజాతి ప్రబలవచ్చును. నెదర్లాండ్సు వైద్యులు 2013లో ప్రకటించిన ప్రయోగములో, ఈ వ్యాధి మాటిమాటికి తిరుగబెట్టిన 16 మందికి ఆరోగ్యవంతుల మలమును శుద్ధమైన ఉప్పునీటిలో కలిపి వడగట్టి, ముక్కుగొట్టము ద్వారా ప్రేగులోనికి ఎక్కించిరి. వినుటకు ఏవగింపైనను, వారిలో 13 మంది మొదటి మారుకే కోలుకొనిరి.